గడప బయట కుర్చీ

ఆ తలుపుకి అద్దం బిగించినవాడెవడో గాని తొందరలో ఉన్న మనిషి. కింద ఎడమ మూల లప్పం వేలితో అద్దేసి వదిలేశాడు, కత్తితో నున్నగా తీసిన జాడే లేదు, ఇంకొన్నాళ్లు ఈ తలుపుని ధడేల్మని వేస్తే అద్దం ఊడి చేతికొస్తుంది అనుకున్నాడు చిన్నోడు, వరండాలో గోడవారగా వేసిన బెంచీ మీద కూర్చుని, అటు చూడకూడదనుకుంటూనే చూస్తూ. తల నెరిసి, మోకాళ్లు పట్టేసి, మొన్నమొన్ననే తాతయ్య కూడా అయిన మనిషిని చిన్నోడు అనడం బాగుండదు. కానీ అది అన్న పెట్టిన పిలుపు, తమ అద్దాల దుకాణం ఉన్న వీధంతా అదే పట్టుకుంది, ఇప్పుడు మార్చడం ఎవరి తరమూ కాదు. తలుపు అద్దం గరుకు రకం, అవతల ఏముందో తెలియనివ్వదు, ఒక ఆకారం లేవడం, వంగడం, మళ్లీ కూర్చోవడం మాత్రం లీలగా కనపడుతోంది. ఆ ఆకారమే క్లినికల్ సైకాలజిస్ట్. తలుపు పక్క పలక మీద అలాగే రాసి ఉంది. భార్యకి ఆ మాట నోరు తిరగక మనసు డాక్టరమ్మ అంటోంది, ఆవిడ ఇప్పుడు వరండా ఆ చివర, వీధి తలుపు పక్కన, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, తలుపు దాకా రావద్దన్నాడని అలిగి గోడకేసి చూస్తోంది. పలక బాగుంది, అద్దం ఫరవాలేదు, ఆకారమూ భయపెట్టేలా లేదు. తలుపు కింద గడప ఉంది. చెక్క గడప, బెత్తెడు ఎత్తు, మధ్యలో జనం తొక్కి తొక్కి అరిగింది. ఇంతమంది దాటారే అనుకున్నాడు.

లోపల ఏం చేస్తారో తెలిసినవాళ్లు ఎవరూ లేరు, అందుకే అందరూ చెప్పారు. బావమరిది సంగతి సరేసరి, ఆయనకి తెలియని విషయం లోకంలో లేదు, సరిగ్గా తెలిసిన విషయమూ లేదు. "మెత్తటి సోఫా మీద పడుకోబెడతారు బావా, కళ్లు మూసుకోమని కడుపులో ఉన్నదంతా కక్కిస్తారు" అన్నాడు. పడుకోబెడితే బూట్లు విప్పాలి కదా, అందుకని కొత్త మేజోళ్లు తొడుక్కొచ్చాడు చిన్నోడు, పాతవాటికి బొటనవేలి దగ్గర చిల్లు. పక్క దుకాణంలో తాళాలు బాగుచేసే ఆయన ఇంకోటి అన్నాడు, ముఖం చూసి కనిపెట్టేస్తారట. అప్పట్నుంచి ముఖం ఎలా పెట్టుకోవాలన్నది బెంగ. నాలుగు గోడలా అద్దాలున్న దుకాణంలో బతికిన మనిషికి ముఖం సవరించుకోవడం ఎంతసేపు, కానీ ఎటు తిరిగినా అన్న పోలికే కనపడుతోంది, అదే ముక్కు, అదే కుడి కనుబొమ్మ పైకి లేవడం, చివరికి అద్దాలన్నిటినీ గోడకేసి తిప్పి పెట్టాడు. అద్దాలు కొనడానికి వచ్చినవాళ్లు వాటి వెనక వేసిన ఎర్ర రంగు చూసి వెళ్లిపోయారు. బేరం పోయినందుకు కాదు గాని, అన్న ఉంటే ఎంత తిట్టేవాడో అని నవ్వొచ్చింది.

జబ్బేమిటయ్యా అంటే గడప దగ్గర ఆగిపోతాడు, అంతే. మాట్లాడుతూ నడిచొస్తాడు, గడప కనపడగానే కాళ్లు నేలకి అతుక్కుపోతాయి. ఇంటి గడప, దుకాణం గడప, క్షవరం చేయించుకునే చోట గడప, దేన్నీ వదలదు. మొదట నడుం పట్టేసిందనుకున్నారు, తర్వాత మతిమరుపనుకున్నారు, ఆ తర్వాత ఏమీ అనుకోకుండా చెయ్యి పట్టుకుని లాగడం మొదలుపెట్టారు. భార్యే లాగుతుంది. లాగితే దాటుతాడు, దాటి అవతల నిలబడి వణుకుతాడు, చేతిలోంచి ఏదో జారి పగిలినట్టు కిందకి చూసుకుంటాడు. ఇవాళ వీధి తలుపు దగ్గర కూడా అలాగే లాక్కొచ్చింది, కాపలా మనిషి చూస్తుండగా, బడికి పోనని మొరాయించే పిల్లాణ్ణి లాక్కొచ్చినట్టు. ఇవన్నీ ఎలాగో దిగమింగుకునేవాడే. కానీ అమ్మాయి కాన్పు నాడు ఆసుపత్రిలో ఆ గది గడప దగ్గర కాళ్లు ఆగిపోయాయి. లోపల్నుంచి పసిదాని ఏడుపు, లేత గొంతు, పలుచటి గాజుని వేలితో మీటినట్టు. "నాన్నా, రా, చూడు దీన్ని" అని అమ్మాయి పిలిచింది. మళ్లీ పిలిచింది. అల్లుడు చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు, అల్లుడి ముందు వణకడం ఇష్టంలేక, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. బాలింతకి ఈ గోలంతా చెప్పొద్దని భార్య దగ్గర మాట తీసుకున్నాడు. తర్వాత ఫోన్లో అమ్మాయి ఒక్క మాటే అంది, "గడప దాకా వచ్చి, దాని మొహం కూడా చూడకుండా వెళ్లిపోయావు నాన్నా. ఇక నీకు ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు మా ఇంటికి రా." ఆ మాట చెవిలో పడ్డాక మనవరాలి ఫోటో కూడా సరిగ్గా చూడలేకపోయాడు. ఇక్కడికి తీసుకెళ్లమని భార్యని తనే అడిగాడు.

కానీ కాళ్లు ఎందుకు ఆగుతున్నాయో అతనికి తెలియకపోలేదు. తెలుసు. చెప్పలేడు, అంతే. అద్దం మోయాలంటే ఇద్దరు కావాలి. నిలువెత్తు అద్దానికి గోనెపట్టా చుట్టి మోస్తుంటే వెనకవాడికి ఏమీ కనపడదు, కళ్లముందు పట్టా, పట్టా అవతల తమ్ముడి తలకాయ, తన కాళ్లు కూడా తనకి కనపడవు. దారి చెప్పాల్సింది ముందువాడు. మెట్టు, గడప, మలుపు, ఆగు, ఈ నాలుగు మాటలు చాలు. ఒక్కోదానికీ వెనకవాడు ఆఁ అనాలి. ఆఁ వినపడందే ముందువాడు కాలెత్తకూడదు, వెనక్కి తిరిగి చూడనూకూడదు. మెడ తిరిగితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే అద్దం మెలిపడుతుంది, మెలిపడిన అద్దం ఎవరి మాటా వినదు. అన్న పెట్టిన కట్టుబాటు అది. చిన్నోడు ముందు, అన్న వెనక, మీసాలు రాకముందు నుంచీ మీసాలు నెరిసేదాకా అలాగే నడిచారు. భార్య ఎక్కడ విందో, ఎప్పుడు గమనించిందో, ఒకరోజు ఇంటి గడప దగ్గర అతను ఆగిపోతే వెనక నిలబడి మెల్లగా "ఆఁ" అంది. పెళ్లయినప్పట్నుంచీ గట్టిగా కసరని మనిషి ఆవిడ మీద విరుచుకుపడ్డాడు, అది నువ్వనే మాట కాదు, ఎవరనమన్నారు నిన్ను అని. ఆవిడ బిత్తరపోయి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ కసరుడు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది, వరండా చివరకి చూశాడు, ఆవిడ సంచీలోంచి సీసా తీసి నీళ్లు తాగుతోంది.

ఎన్ని రకాల ఆఁలు ఉండేవి అన్న దగ్గర. పొద్దున్నే టీ తాగి బయల్దేరితే హుషారు ఆఁ, మధ్యాహ్నం ఎండలో ఎగశ్వాసతో సగం మింగేసిన ఆఁ, కొన్నవాళ్లు మాట తేడాగా మాట్లాడితే పళ్ల మధ్య నలిగిన ఆఁ. ఒకసారి ఇద్దరికీ చెడింది, ఎందుకో ఇప్పుడు గుర్తు కూడా లేదు, వదిన వండిన కూర గురించో, తను కొత్త చొక్కా వేసుకుని పనిలోకి వచ్చినందుకో. ఇంట్లో ముఖముఖాలు చూసుకోలేదు, ఒకే కంచంలో తిని పెరిగినవాళ్లు విడివిడిగా తిన్నారు. అయినా రోడ్డు మీద గడప అంటే ఆఁ వచ్చేది, ముక్తసరిగా, కానీ సరిగ్గా వచ్చేది, ఆ ఆఁ వింటూ వింటూనే కోపం ఎక్కడో దారిలో పడిపోయింది. పట్టా చుట్టకుండా అద్దం మోసుకెళ్లే రోజులైతే పండగే, దగ్గర్లోకే అయితే అలాగే తీసుకెళ్లేవారు. వీధి వీధంతా అద్దంలోకి ఎక్కేది, మేడలు, తీగలు, తీగల మీద పిట్టలు, పైనున్న మబ్బులు కూడా. బస్సుకోసం నిలబడినవాళ్లు ఒక్క క్షణం క్రాపు దువ్వుకునేవాళ్లు, పిల్లలు వెంటపడి నాలుక బయటపెట్టి వెక్కిరించుకునేవాళ్లు, ఒక పెద్దావిడ ఆపించి మరీ చెంపలు సవరించుకుని, నేనింకా బాగానే ఉన్నానే అని వెళ్లిపోయింది. వెనకనుంచి అన్న కూనిరాగం. పాట అని చెప్పలేం, ఏదో ఒక్క చరణమే, అదీ సగం. అద్దం కోసేటప్పుడు కూడా అదే. వజ్రపు మొనని కిరసనాయిల్లో ముంచి, ఊపిరి బిగబట్టి గీత గీసేవాడు, సన్నగా కిర్రుమనేది, తర్వాత బల్ల అంచు మీద పెట్టి రెండు చేతులతో కాస్త వంచితే టక్, అంతే, రెండు ముక్కలు. ఆ టక్ తర్వాత ఆగిన కూనిరాగం ఆగిన చోటునుంచే మొదలయ్యేది. కిరసనాయిలు వాసన చేతులకి పట్టి అన్నంలో కూడా వచ్చేది, వదిన గొణిగేది, చిన్నోడికి మాత్రం అది అన్న వాసన. దుకాణంలో ఆ సీసా ఇంకా ఉంది, మూత తీసి వాసన చూసి మళ్లీ బిగిస్తున్నాడు.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ తన అమ్మాయికంటే నాలుగేళ్లు పెద్దదేమో, కళ్లజోడు, నూలు చీర, చేతిలో ఏమీ లేదు, మందుల సంచీ గాని గుండె చూసే గొట్టం గాని. "రండి" అంది నవ్వుతూ. చిన్నోడు లేచాడు, ముఖం సవరించుకున్నాడు, నడిచాడు, గడప దగ్గరకొచ్చాడు. గది లోపల సోఫా లేదు. రెండు కుర్చీలు, ఒక బల్ల, కిటికీ, కిటికీ అద్దానికి పైమూల చిన్న బుడగ. ఇవన్నీ కనపడుతున్నాయి గాని కాళ్లు కదలడం లేదు. పెదవులు వాటంతటవే గడప అన్నాయి, గొంతు బయటికి రాలేదు. ఇక చెయ్యి పట్టుకుని లాగుతుంది అనుకుని చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. ఆవిడ లాగలేదు, పిలవలేదు. "ఇక్కడే ఆగాలనిపిస్తోందా?" అంది. తలూపాడు. "సరే అయితే" అని లోపలికెళ్లి కుర్చీ తెచ్చి అతనివైపు గడప మీదుగా అందించింది, రెండోది తను గడపకి అటువైపు వేసుకుని కూర్చుంది. మధ్యలో అరిగిన చెక్క. కుర్చీలో కూర్చున్నాక అతనికి ఏడుపొచ్చినంత పనైంది, ఇన్నాళ్లలో గడప దగ్గర కూర్చోమన్నవాళ్లు ఎవరూ లేరు.

ఆవిడ తీరిగ్గా చెప్పింది. ఈ పూట ఈ వరండాలోకి ఇంకెవరూ రారని, అయినా గొంతు తగ్గించి మాట్లాడుకుందామని. తను మందులు రాసే డాక్టరు కాదని, మాట్లాడటం, వినడం, కలిసి ఆలోచించి చిన్నచిన్న ప్రయత్నాలు చేసి చూడటం తన పని అని. ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుందని, మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుందని అనిపిస్తే తప్ప ఎవరికీ చెప్పనని, అప్పుడు కూడా వీలైతే ముందు మీకే చెబుతానని. మొదటిరోజే అంతా తేలిపోదని. చెప్పాలనిపించనిది ఇవాళ చెప్పక్కర్లేదని. కొత్త మేజోళ్లు వృథా అయ్యాయి అనుకున్నాడు చిన్నోడు. "మీరు ఏమైనా అడగాలా?" అంది. అడగడానికి వచ్చింది తను కాదుగా, అడిగించుకోవడానికి వచ్చాడు, పరీక్షకొచ్చినవాణ్ణే ప్రశ్నలు అడగమంటే ఎలా. అయినా నోట్లోంచి మాట జారిపోయింది. "నాకు నయమైతే మా అన్న పోతాడా అమ్మా?" ఆ మాట తనకే వింతగా వినపడింది. పోయినవాడు మళ్లీ ఎక్కడికి పోతాడు. కానీ భయం అదే. గడప దగ్గర ఆగిన ఆ కాసేపే కదా అన్న వెనక ఉన్నట్టుండేది, ఇప్పుడో ఇంకాసేపటికో ఆఁ అంటాడన్నట్టుండేది. ఆవిడ నవ్వలేదు. "మీ అన్నగారిని తీసెయ్యడం నా పని కాదండీ. ఆయన గురించి వినాలనుంది నాకు" అంది.

అప్పుడు చెప్పాడు. అద్దం సంగతి, నాలుగు మాటల సంగతి, ఆఁ సంగతి. అన్న నిద్రలోనే పోయాడు, ముందురోజు కూడా ఇద్దరూ కలిసి బట్టల దుకాణానికి అద్దం మోశారు, దించాక భుజం నొక్కుకుంటూ ఇవాళ బరువుగా ఉందిరా చిన్నోడా అన్నాడు, బరువెక్కింది అద్దం కాదు నువ్వేనని తను వేళాకోళం చేశాడు. మర్నాడు ఇంటినిండా జనం. అన్నని బయటికి మోసుకురావాలి. ముందువైపు తనే పట్టాడు, ఇంకెవరు పడతారు. వదిన ఏడుపు, ఎవరో దారివ్వండి దారివ్వండి అంటున్నారు, చేతుల్లో బరువు, ఎప్పటి బరువే, ఎప్పటిలాగే ఒక అడుగు, ఇంకో అడుగు, గడప వచ్చింది. "గడప అన్నానమ్మా. గట్టిగానే అన్నాను. అలవాటు కదా." ఆఁ రాలేదు. ఆగాడు. రాకపోతే కదలకూడదు కదా. జనం వెనకనుంచి కదలండి, కదలండి, ఏమిటాగారు అంటున్నారు, ఇంకోసారి అన్నాడు గడప అని, తోశారు, తోస్తే కాలు దానంతటదే దాటేసింది. "జవాబు రాకుండానే దాటేశాను" అన్నాడు చిన్నోడు, కన్నీళ్లు కొత్త చొక్కా మీద పడుతున్నాయి, తుడుచుకోలేదు. "అన్న సిద్ధంగా లేడు. లాక్కొచ్చేశాను." గరుకు అద్దం మీద సాయంత్రపు ఎండ పడి గడప మీద తెల్లటి మరక వేసింది. "అప్పుడు మీ వెనక ఎవరున్నారు?" అంది ఆవిడ. "తెలియదు. వెనక్కి చూడకూడదుగా" అన్నాడు.

"మీరెప్పుడైనా వెనకవైపు పట్టుకున్నారా?" అనడిగింది. లేదు, అన్న పట్టనివ్వలేదు, ముందువాడే కదా నడిపించేది, తమ్ముడి మీద అంత గురి ఆయనకి అని చెప్పబోయాడు, వీధిలో అందరితో అలాగే చెప్పుకునేవాడు, గొప్పగా. నోరు తెరిచి ఆగిపోయాడు. పట్టుకున్నాడు. ఒకసారి. మొట్టమొదటి రోజు, నాన్న ఇద్దర్నీ పంపిన రోజు, చిన్న కిటికీ అద్దం, తనని వెనక పెట్టారు, వెనక పని తేలికని ఎవరో అనుకున్నారు. పట్టా ముఖానికి తగులుతోంది, గోనె వాసన, కాళ్లు కనపడవు, నేల ఉందో లేదో తెలియదు, అన్న ముందునుంచి మెట్టు అంటున్నాడు, తనకి ఆఁ అనడానికి నోరు రావడం లేదు. ఏడ్చేశాడు. అన్న అద్దం గోడకి ఆనించి దించాడు, తిట్టలేదు, నవ్వలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆయనే వెనక్కి వచ్చి నిలబడి, "నువ్వు ముందుండరా చిన్నోడా, నాకు కళ్లు నువ్వు" అన్నాడు. అంతే, ఆ తర్వాత ఆ మాటే లేదు. జీవితమంతా ఆ చీకటివైపు ఆయనే పట్టుకున్నాడు. నేల కనపడకపోయినా ఆఁ అన్నాడు. తను నడిపిస్తున్నాననుకున్నాడు గాని, తనకి భయమని అన్న వెనక్కి జరిగాడు. ఇదంతా ఆవిడతో చెప్పాడో లోపలే అనుకున్నాడో అతనికి సరిగ్గా తెలియదు, సగం చెప్పి సగం మింగి ఉంటాడు. ఆవిడ మాత్రం ఏదీ తేల్చి చెప్పలేదు, అందుకే ఇలా అయింది అని గాని, ఇలా చెయ్యండి అని గాని అనలేదు. "ఇవాళ్టికి ఇక్కడ ఆపుదామా? వచ్చే వారం కూడా కుర్చీలు ఇక్కడే వేసుకుందాం. లోపలికి రావాలనిపించిన రోజు వద్దురుగాని" అంది. చిన్నోడు లేచి కుర్చీ ఎత్తి గడప మీదుగా అందించాడు. "ఆ మూల లప్పం ఊడిపోతోందమ్మా, వచ్చే వారం కాస్త తెస్తాను" అన్నాడు.

వరండా పొడుగునా నడిచొస్తుంటే భార్య లేచి నిలబడింది, అలక ఎప్పుడు తీరిందో తీరింది, కళ్లు ఎర్రగా ఉన్నాయేమిటని అడగబోయి మానేసింది. వీధి తలుపు ఎదురుగా ఉంది, మొత్తం అద్దం తలుపు, మంచి పనివాడు బిగించింది, దాని కింద ఇనప గడప. ఆవిడ అలవాటుగా చెయ్యి చాపింది, లాగడానికి. అతను ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా దించాడు. "నువ్వు ముందు నడువు" అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు. "నేనా?" "నువ్వే. గడప వస్తే చెప్పు. నేను ఏదో ఒకటి అనేదాకా కాలు కదపకు. వెనక్కి మాత్రం చూడకు." ఆవిడ అతని ముఖంలోకి చూసింది, ఆ రోజు కసురుకున్నది ఆవిడకీ గుర్తొచ్చి ఉంటుంది, సంచీ చంకలోకి సర్దుకుని ముందుకెళ్లి నిలబడింది. చిన్నోడు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నాడు. చీకటి. గోనె వాసన ఎక్కడినుంచో వచ్చింది, కిరసనాయిలు వాసన కూడా. నేల ఉందో లేదో తెలియడం లేదు. ఇలా ఉండేదన్నమాట నీకు, అన్నా. ఇన్నేళ్లూ ఇలాగే ఉండేదన్నమాట. చేతికింద ఆవిడ భుజం కదిలింది, ఒక అడుగు, ఇంకో అడుగు, ఆగింది.

"గడపండీ" అంది ఆవిడ. వెనక్కి తిరగబోయి, చెప్పింది గుర్తొచ్చి, మెడ బిగబట్టుకుంది.

ఎండ రెప్పల మీద వెచ్చగా ఉంది. తలుపు పట్టుకుని నిలబడిన కాపలా మనిషి ఏమిటిదన్నట్టు చూస్తున్నాడని చూడకుండానే తెలుస్తోంది. ఆవిడ కదల్లేదు, తొందరపెట్టలేదు, సంచీ చంకలో పెట్టుకుని అలాగే నిలబడింది.

"ఆఁ" అన్నాడు చిన్నోడు.

కాలు ఎత్తాడు, ఇనప అంచు బూటుకి తగిలి వెనక్కి జరిగిపోయింది, అవతల నేల ఉంది. వణుకు లేదు. వీధి చప్పుడు, బస్సు హారను, ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు. కళ్లు తెరవలేదు.

"అమ్మాయి వాళ్లింటికి ఎన్ని గడపలు?" అనడిగాడు.

"వీధి తలుపుదొకటి, గదిదొకటి" అంది ఆవిడ, ఏడుస్తూ, ముందుకే చూస్తూ.

"అయితే పద. ముందు నువ్వే."